మాడిన దుప్పటి సన్మానం

పెద్దక్క నోటికి భయపడని మనిషి ఆ వీధిలో లేడు. అద్దె పెంచుతానని చెప్పడానికి బయల్దేరిన ఇంటి ఓనరు, ఆవిడ తలుపు తీసి "ఏంటండీ?" అనగానే, "కుళాయిలో నీళ్ళు బాగా వస్తున్నాయా అని..." అంటూ నసిగి వెనక్కి తిరిగేవాడు. కూరగాయల బండివాడు ఆవిడ మలుపు తిరగడం చూస్తే చాలు, పుచ్చు వంకాయల్ని గోనె కిందకి తోసేసేవాడు. ఇంట్లో అత్తగారితో పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత గొడవ ఉండాల్సిందే. అది గిన్నెలు ఎవరు బోర్లించారన్న దగ్గర మొదలై, ఎవరి పుట్టింటివాళ్ళు ఎంత పిసినారులో తేలాక గానీ చల్లారేది కాదు. పెద్దక్క మొగుడు ఒకప్పుడు లారీ తోలేవాడు. మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున కూర్చున్నాక, ఆ రెండు విడతల సమయానికి రేడియో గొంతు పెంచడమే ఆయనకు మిగిలిన డ్యూటీ.

అలాంటి మనిషి పొద్దున్నే లాండ్రీ గేటు దాటి లోపల కాలు పెట్టగానే ఏమైపోయేదో! నోట్లో నాలుక లేనిదైపోయేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఊరికే అన్నారా పెద్దలు? కానీ పెద్దక్క విషయంలో ఆ సామెత కూడా సగమే పనికొస్తుంది. ఆవిడ ఇంట్లోనూ పులే, వీధిలోనూ పులే. పిల్లి కావడానికి ఆవిడకు ఒక ఉద్యోగం కావలసి వచ్చింది.

ఆ లాండ్రీ మామూలుది కాదు. ఊళ్ళో ఉన్న పెద్ద హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల పక్కగుడ్డలు, పెళ్ళి హాళ్ళ బల్ల గుడ్డలు అన్నీ అక్కడికే వచ్చేవి. ముందు నానబెట్టే తొట్లు, తర్వాత ఉతికే యంత్రాలు, తర్వాత ఆరబెట్టే గది, అన్నిటికీ చివర రేకుల కప్పు వేసిన పొడుగాటి ఇస్త్రీ హాలు. ఎండాకాలం, చలికాలం అనే తేడాలు ఆ హాలుకి తెలియవు. ఆవిరికి గోడల సున్నం ఎప్పుడూ చెమటలు కారుస్తూ ఉండేది. అక్కడ అందరికంటే ముందు చేరింది కాబట్టి ఆవిడ పెద్దక్క. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా పెద్దక్కా అనే పిలిచేవాళ్ళు.

హాలు వెనకాల ఒక బాయిలర్ ఉండేది. హాలు ముందు గాజు గదిలో ఇంకో బాయిలర్ ఉండేది. రెండోది మేనేజరుగారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఆయన పెళ్ళికార్డు మీద ఉన్న పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అనుమానమే. "వెనకాల ఉన్నదానికి నయం, ఒత్తిడి ఎక్కువైతే ఆవిరి వదలడానికి దానికో గొట్టం ఉంది. ఈయనకి ఆ గొట్టం కూడా మనమే," అనేది మడతల బల్ల దగ్గర పనిచేసే పొట్టావిడ. పెద్దక్క నవ్వేది కాదు. ఎక్కడ ఆయన వింటారోనని చుట్టూ చూసేది.

బాయిలర్‌గారు తిట్టడంలో ఒక పద్ధతి ఉండేది. ఒకరిని చాటుగా పిలిచి చీవాట్లు పెట్టడం ఆయనకు గిట్టదు. తిట్టు నలుగురి మధ్యా పడితేనే దానికి విలువ అని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలోంచే 'సన్మానం' పుట్టింది. ఒకసారి ఆయన్ని ఎక్కడో సభకి పిలిచి, పక్కవాళ్ళందరికీ శాలువాలు కప్పి, ఈయన దగ్గరికి వచ్చేసరికి శాలువాలు అయిపోయాయన్నారట. ఆ మంట కడుపులో పెట్టుకుని లాండ్రీకి వచ్చారు. ఆ రోజు ఎవరో ఒక దుప్పటి మాడ్చారు. అంతే, ఆ మాడిన దుప్పటినే మాడ్చినవాడి భుజాల మీద కప్పించారు.

అప్పట్నుంచి అదో ఆచారమైపోయింది. ఎవరు గుడ్డ మాడ్చినా పని ఆపేసి అందరూ చుట్టూ నిలబడాలి. హాల్లో అందరికంటే పాతది కాబట్టి పెద్దక్క దుప్పటి కప్పాలి. కప్పించుకున్నవాళ్ళు మెడ వంచి, "తప్పయింది సార్, ఇంకెప్పుడూ చెయ్యను," అనాలి. అప్పుడు అందరూ మూడంటే మూడు చప్పట్లు కొట్టాలి. నాలుగు కొడితే ఎగతాళి, రెండు కొడితే పొగరు. ఆ దుప్పటి కప్పుకునే సాయంత్రం దాకా పనిచెయ్యాలి. సరుకు తీసుకెళ్ళడానికి హోటళ్ళ నుంచి వచ్చే డ్రైవర్లు చూసి నవ్వేవాళ్ళు. తర్వాత ఎవరి సన్మానం వచ్చినా పనికొస్తుందని బాయిలర్‌గారు ఒక మాడిన దుప్పటిని తన గదిలో మేకుకి తగిలించి ఉంచారు కూడా. కొన్నేళ్ళకి హాల్లో ఎవరి భుజం మీద ఏ గుడ్డ పడినా మెడ దానంతటదే వంగే పరిస్థితి వచ్చింది. వాన వచ్చి తల మీద తువ్వాలు కప్పుకోబోయి పొట్టావిడ ఒకసారి గేటు దగ్గరే "తప్పయింది సార్" అంది. అందరూ నవ్వారు. తలుచుకుంటే నవ్వు రావాల్సిన సంగతేనా అది?

ఇలా ఉండగా ఒక చట్టం వచ్చింది. పనిచేసేచోట ఎవరినీ నలుగురి ముందూ అవమానించకూడదట. బూతులు తిట్టకూడదట, బెదిరించకూడదట. అలా చేస్తే ఫిర్యాదు చెయ్యొచ్చట. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష సాధిస్తే అది ఇంకో నేరమట. ఈ సంగతులన్నీ అచ్చువేసిన పెద్ద కాగితం ఒకటి కార్మిక శాఖ నుంచి వచ్చింది. దాన్ని ఉద్యోగులకు కనిపించేచోట అంటించాలి. బాయిలర్‌గారు దాన్ని తన గది చెక్క తలుపుకి లోపలివైపు అంటించారు. తలుపు తీసి ఉంటే ఆ కాగితం గోడ వైపు తిరిగి ఉంటుంది. మూసి ఉంటే ఉద్యోగులు బయట ఉంటారు.

పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉండాలని కూడా చట్టంలో ఉంది. బాయిలర్‌గారు క్షణం ఆలస్యం చెయ్యలేదు. అధ్యక్షుడు తానే. సభ్యుడు తన బావమరిది, అక్కడే లెక్కలు రాస్తుంటాడు. కార్మికుల తరఫున ఒకరు ఉండాలి కదా, అందుకు పెద్దక్క. "నీకంటే మంచి మనిషి దొరకదక్కా. నీ నోట్లోంచి ఒక్క మాట బయటకి రాదు," అన్నారు. పెద్దక్క ఆ సంగతి ఇంట్లో చెబితే అత్తగారు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. "ఎవరి నోట్లోంచి?" అని అడిగింది.

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కమిటీ తయారైంది కానీ, దానికి పనే లేకపోయింది. ఫిర్యాదు చేసేవాళ్ళు లేరు. బాయిలర్‌గారు అది తన పరిపాలన గొప్పతనమనుకున్నారు.

అప్పుడు వచ్చింది ఎడంచెయ్యి. ఆ అమ్మాయి ఇస్త్రీ ఎడంచేత్తో చేసేది, అందుకే ఆ పేరు. ఇంట్లో ఒక చంటిపిల్ల, ఆ పిల్లని చూసుకునే తల్లి, అంతే. నెమ్మదైన పిల్ల, పని చురుకు. కానీ అక్కడి ప్లగ్గులన్నీ కుడిచేతివాళ్ళకి వీలుగా గోడకి కుడివైపున ఉన్నాయి. ఎడంచేత్తో ఇస్త్రీ పెట్టె జరిపిన ప్రతిసారీ తీగ బల్లకి అడ్డం పడేది. "సార్, నా బల్లని అవతలి గోడ పక్కకి జరిపించండి," అని అడిగింది. "నీకోసం గోడలు జరపాలా? చెయ్యి మార్చుకో," అన్నారు బాయిలర్‌గారు. ఒకరోజు తీగ చిక్కుకుని పెట్టె రెండు క్షణాలు ఎక్కువగా ఆగింది. పెద్ద హోటల్ దుప్పటి మధ్యలో పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది.

అందరూ చుట్టూ నిలబడ్డారు. పెద్దక్క దుప్పటి తెచ్చి కప్పింది. అందరూ ఆ మాట కోసం ఎదురుచూశారు. ఆ అమ్మాయి మెడ వంచలేదు. ఆ మాటా అనలేదు. మాట రానిదే చప్పట్లు కొట్టకూడదు కాబట్టి ఎవరి చేతులు వాళ్ళ ఛాతీ ముందే ఆగిపోయాయి.

"చెప్పవే," అని గుసగుసలాడింది పెద్దక్క. "చెప్పేస్తే అయిపోతుంది."

"తీగ చిక్కుకుందక్కా. నేను చేసిన తప్పేంటి?"

బాయిలర్‌గారికి మూత ఎగిరిపోయింది. ఆ అమ్మాయిని దుప్పటితో సహా గేటు దగ్గర నిలబెట్టారు. సాయంత్రం దాకా నిలబెట్టారు. చంటిపిల్లకి పాలిచ్చే తల్లి. జాకెట్టు తడిసిపోతే ఆ మాడిన దుప్పటినే ముందుకి లాక్కుని కప్పుకుని నిలబడింది. ఆ సంగతి పెద్దక్క కిటికీలోంచి చూసింది. చూసి, పెట్టె తీసుకుని తన పని తాను చేసుకుంది. నాకైతే ఇప్పటికీ ఆవిడ మీద కోపం పోదు.

మర్నాడు ఎడంచెయ్యి నేరుగా కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళింది. తలుపు వెనక కాగితాన్ని ఆ అమ్మాయి ఎలా చదివిందంటారా? ఆ సాయంత్రం ఆయన కోపంలో తన పద్ధతి కూడా మర్చిపోయి, తిట్టడానికి గదిలోకి పిలిచి తలుపు వేసినప్పుడు చదివింది. అంతసేపు తిట్టారు మరి, మొత్తం చదవడానికి సరిపోయింది.

అక్కడివాళ్ళు ముందు మీ కమిటీ విచారించి చెప్పాలన్నారు. ఆ విచారణ గాజు గదిలో జరిగింది. బాయిలర్‌గారు అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, "ఫిర్యాదు ఎవరి మీద?" అని అడిగారు.

"మీ మీదే సార్," అంది ఎడంచెయ్యి.

"అయితే ఆయన్ని కూడా విచారించాలి," అంటూ ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగివచ్చి, ఆ అమ్మాయి పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. తాను ఖాళీ చేసిన కుర్చీ వైపు తిరిగి, "నేనెవర్నీ ఎప్పుడూ అవమానించలేదండీ. ఇక్కడ అందరూ నా కన్నబిడ్డల్లాంటివాళ్ళు," అని ఎంతో వినయంగా చెప్పుకున్నారు. మళ్ళీ లేచి వెళ్ళి అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, కాసేపు ఆలోచించి, "ఆయన మాటల్లో నిజాయితీ ఉంది," అన్నారు.

"ఉంది బావా," అన్నాడు బావమరిది.

"ఇక సాక్ష్యం. అక్కా, నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఈ అమ్మాయికి ఎవరైనా మాడిన దుప్పటి కప్పడం నువ్వు చూశావా?"

పెద్దక్క చేతులు ఒళ్ళో ఉన్నాయి. కప్పింది ఆ చేతులే. ఎదురుగా మేకుకి ఆ దుప్పటి వేలాడుతోంది. మొగుడి మోకాళ్ళు గుర్తొచ్చాయి, మందుల షాపువాడి మొహం గుర్తొచ్చింది, ఆ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారన్న ఆలోచన వచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది కాసేపు.

"నేను ఇస్త్రీ చేసుకుంటున్నాను సార్," అంది. "చూడలేదు."

బయటకి వచ్చేటప్పుడు ఎడంచెయ్యి ఆవిడ పక్కకి వచ్చి, మెల్లగా, "కప్పింది నువ్వే కదక్కా," అంది. ఆ మాటలో కోపం ఉంటే పెద్దక్క బతికిపోయేది. కోపానికి ఎదురు చెప్పడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆ అమ్మాయి మామూలుగా అంది. నిజంగానే మర్చిపోయిందేమోనని గుర్తు చేసినట్టు అంది.

మర్నాటి నుంచి ఎడంచెయ్యిని మరకల తొట్టికి మార్చారు. ఆసుపత్రి గుడ్డల మీద మరకలు పోవడానికి ఘాటైన మందు కలిపే తొట్టి అది. అందులో చేతులు పెడితే తోలు ఊడుతుంది. "కక్ష కాదమ్మా, బదిలీ," అన్నారు బాయిలర్‌గారు. "ఇస్త్రీ వేడి నీ ఒంటికి పడదని నీ మంచికోసమే." కార్మిక శాఖ నుంచి అధికారిణి వచ్చి కమిటీ మాట సరే అంటే ఫిర్యాదు మూసేస్తారు. ఆ తర్వాత ఆ అమ్మాయిని ఇంటికి పంపించేస్తారని లాండ్రీలో అందరికీ తెలుసు, ఉతికే యంత్రాలకి కూడా తెలుసు.

ఇక్కడ ఇంటి సంగతి చెప్పాలి. పెద్దక్క ఇంట్లో గొడవలు ఆగిపోయాయి. మొదట్లో మొగుడు సంతోషించి రేడియో కట్టేశాడు. అత్తగారు మాత్రం కంగారుపడింది.

"ఒరేయ్, నీ పెళ్ళానికి ఒంట్లో బాగాలేదురా. నాతో పోట్లాడి ఎన్నాళ్ళయిందో చూశావా?"

పరీక్ష చెయ్యడానికని ఆ సాయంత్రం కూరలో కావాలనే రెండు చారెల ఉప్పు వేసింది. పెద్దక్క తలొంచుకుని తినేసింది. దాంతో ముసలావిడ కంచం పక్కకి జరిపి, కోడలి పక్కన చతికిలబడింది.

"ఏమైందే తల్లీ? నాకు చెప్పవే."

చెప్పింది. దుప్పటి సంగతి, గేటు సంగతి, పాలతో తడిసిన జాకెట్టు సంగతి, చూడలేదన్న సంగతి అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. కోడలు ఏడవడం ముసలావిడ చూడటం అదే మొదటిసారి.

"నీ చేత్తో కప్పి, నీ నోటితో చూడలేదన్నావా?"

"ఉద్యోగం పోతే మీ అబ్బాయి మందులు ఎవరు కొంటారత్తయ్యా?"

"అది సరే. నా మీద అంతెత్తున లేచే నోరు ఆయన ముందు ఎందుకు లేవలేదే? నేనంత అలుసైపోయానా?"

"మీరు నన్ను పనిలోంచి తీసెయ్యలేరు కదత్తయ్యా."

ముసలావిడ ఉప్పు కూర గిన్నె తీసుకెళ్ళి దొడ్లో పారబోసి వచ్చింది. "ఆ పిల్ల చేతులకి కాస్త కొబ్బరినూనె పట్టుకెళ్ళు," అంది చివరికి. పెద్దక్క పట్టుకెళ్ళింది. ఎడంచెయ్యి తీసుకుని, "చాలా థాంక్స్ అక్కా," అంది. ఆ మర్యాదకి పెద్దక్కకి ఇంకా సిగ్గేసింది.

అధికారిణి వచ్చే రోజు ఖాయమైంది. బాయిలర్‌గారు ఊరుకుంటారా? విచారణకి వచ్చేవాళ్ళ ముందు సభ పెట్టేస్తే విచారణ సభలో కలిసిపోతుందని ఆయన అనుభవం. 'మర్యాదే మా ధనం' అని హాలు గోడకి బ్యానరు కట్టించారు. ఎప్పుడూ రాని లాండ్రీ ఓనరుని పిలిపించారు. మేకు మీది దుప్పటిని తీసి బీరువాలో తోయించారు. తెల్లని శాలువా ఒకటి కొనిపించి, అంచున లాండ్రీ పేరు కుట్టించారు. అది పెద్దక్క కోసం. కార్మికుల ప్రతినిధిని అధికారిణి కళ్ళ ముందే ఘనంగా సత్కరిస్తే, ఇక్కడ కార్మికుల్ని ఎలా చూస్తారో ఆవిడకే అర్థమవుతుందని ఆయన ఉద్దేశం. చివరికి అర్థమైంది కూడా.

అధికారిణి నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేది. రాగానే, "చట్టం కాగితం ఎక్కడ అంటించారు?" అని అడిగింది.

"మా గదిలోనే మేడమ్," అని బాయిలర్‌గారు ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి, తలుపు మూసి చూపించారు.

"ఉద్యోగులకు కనిపించేచోట అని కదండీ రాసింది?"

"నేనూ ఉద్యోగినే కదా మేడమ్."

ఆవిడ బయటకి వచ్చి ముందు వరసలో ఓనరు పక్కన కూర్చుంది.

యంత్రాలు ఆపేసి అందరినీ హాల్లో నిలబెట్టారు. అందరికంటే వెనక, గోడ పక్కన, రెండు చేతులకీ తడిగుడ్డ చుట్టుకుని ఎడంచెయ్యి నిలబడింది. బాయిలర్‌గారు మైకు పట్టుకున్నారు. "మా లాండ్రీలో గొంతెత్తి మాట్లాడే మనిషి ఒక్కరు కూడా కనిపించరు!" అని గొంతెత్తి చెప్పారు. అది నిజమే. ఆ హక్కు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత పెద్దక్కని వేదిక మీదకి పిలిచి మైకు ముందు నిలబెట్టారు. మొహం నిండా నవ్వుతో శాలువా మడత విప్పి, స్వయంగా తన చేతులతో ఆవిడ భుజాల మీద కప్పారు.

ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? గుడ్డ భుజాలకి తగలగానే పెద్దక్క మెడ వంగింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పయింది సార్, ఇంకెప్పుడూ చెయ్యను."

మైకులో ఆ మాట హాలంతా మోగింది. వెంటనే హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ తలొంచి మూడు చప్పట్లు కొట్టారు. టప్, టప్, టప్. కొట్టి ఆపేశారు. పాపం, ఓనరుకి ఆ లెక్క తెలియదు. ఆయన ఇంకా కొడుతూనే ఉండి, ఒంటరిగా మిగిలిపోయి, చేతులు ఒళ్ళో దాచుకున్నాడు.

"ఏం తప్పు చేశారమ్మా?" అని అడిగింది అధికారిణి.

"వినయం మేడమ్!" అన్నారు బాయిలర్‌గారు, మైకుకి అడ్డంగా వస్తూ. "మావాళ్ళకి వినయం కాస్త ఎక్కువ."

"మరి అందరూ కొలిచినట్టు మూడే చప్పట్లు కొట్టారే?"

"క్రమశిక్షణ మేడమ్. అంతే గానీ ఆ మాడిన దుప్పటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"దుప్పటి గురించి నేనింకా అడగలేదే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. బాయిలర్‌గారు తన భుజాలు కాదు, పెద్దక్క భుజాల మీది శాలువా సర్దబోయారు. సర్దుతూ, ఆవిడకి మాత్రమే వినపడేట్టు, "నోరు జారిందని చెప్పు," అన్నారు.

చెప్పేస్తే అయిపోతుంది. ఎడంచెయ్యికి ఆవిడ చెప్పిన మాటే అది. పెద్దక్క తలెత్తింది. వెనక గోడ పక్కన ఆ అమ్మాయి చేతులకి చుట్టుకున్న తడిగుడ్డ కనిపించింది. శాలువా మెత్తగా, కొత్తగా ఉంది. అయినా భుజాల మీద బరువు మాత్రం పాతదే.

"తప్పు చేశానండీ," అంది పెద్దక్క. "ఆ అమ్మాయికి మాడిన దుప్పటి కప్పింది నేనే. ఇదిగో, ఈ చేతులతోనే. ఆ పిల్లని గేటు దగ్గర నిలబెడితే కిటికీలోంచి చూశాను. అడిగితే చూడలేదన్నాను. అదే నా తప్పు. ఇంకెప్పుడూ చెయ్యను."

"అక్కా!" అని అరిచారు బాయిలర్‌గారు.

"ఆగండి సార్! నేనింకా మాట్లాడుతున్నాను!"

ఇంటి ఓనరు అద్దె మాట మర్చిపోయే గొంతు అది. ఆ హాలు ఆ గొంతుని ఎన్నడూ వినలేదు. మైకు కూడా భరించలేక కీచుమంది. ఇక ఆవిణ్ణి ఆపేవాడెవడు? సన్మానం ఎలా మొదలైందో చెప్పింది, బీరువాలో ఏముందో చెప్పింది, రెండు కుర్చీల విచారణ చెప్పింది, మరకల తొట్టి చెప్పింది. పని చేయించుకోండి సార్, మనుషుల్ని ఎండగట్టకండి అంది. అలవాటు కొద్దీ చివర్లో బాయిలర్‌గారి అత్తింటివాళ్ళ పిసినారితనం దాకా వెళ్ళింది. అది విచారణకి సంబంధం లేదని అధికారిణి చెప్పాల్సి వచ్చింది. బావమరిది మొహం మాత్రం అప్పుడే మాడింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మడతల బల్ల దగ్గర్నుంచి పొట్టావిడ చెయ్యెత్తి, "నేనూ చూశానండీ," అంది. తొట్ల దగ్గరివాడు, "నాకూ కప్పారండీ," అన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏమంటున్నారో తెలియనంత గోలైంది. ఎడంచెయ్యి మాత్రం గోడకి ఆనుకుని, చుట్టుకున్న చేతుల్లో మొహం దాచుకుంది.

చట్టం తన పని తాను చేసింది, దాని నడకలో అది చేసింది. కమిటీ రద్దై, పనివాళ్ళు ఎన్నుకున్నవాళ్ళతో కొత్తది వచ్చింది. కాగితం తలుపు వెనక నుంచి మంచినీళ్ళ కుండ పక్కకి వచ్చింది. ఎడంచెయ్యి ఇస్త్రీ బల్ల అవతలి గోడ పక్కకి జరిగింది. గోడ ఒక్క అంగుళం కూడా కదలాల్సిన అవసరం రాలేదు. తనకేమీ తెలియదని ఓనరు చెప్పుకున్నాడు. లాండ్రీ నాదే గానీ అందులో జరిగేది నాది కాదన్నట్టు మాట్లాడాడు. అది విని పెద్దక్క "తెలుసుకోకపోవడం కూడా మీ డ్యూటీయేనా సార్?" అంది. బాయిలర్‌గారికి మర్యాద నేర్పే తరగతులకి వెళ్ళమని ఆదేశం వచ్చింది. వెళ్ళి, పాసై, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొచ్చారు. ఇప్పుడు పళ్ళు బిగబట్టి అందరినీ గారు అంటున్నారు. "అక్కగారూ, ఆ మూటని ఇలా తగలెయ్యండి," అంటారు. కుక్కతోక సంగతి మనకి తెలిసిందే. గొంతు మాత్రం గాజు గది దాటడం లేదు, ప్రస్తుతానికి అదే పదివేలు.

ఇంట్లో రెండు విడతలూ మళ్ళీ మొదలయ్యాయి. మొదటి రోజు అత్తగారు సంతోషం పట్టలేక గొడవ మధ్యలోనే నవ్వేసింది.

కొన్నాళ్ళకి పెద్దక్క ఒక దిండు గలీబు మాడ్చింది. పొట్టావిడ చెప్పే కబురు వింటూ పెట్టె ఎత్తడం మర్చిపోయింది. వాసన రాగానే హాల్లో అందరూ తలలు తిప్పారు. ఎవరూ బల్లలు వదిలి రాలేదు. గాజు గది తలుపు తెరుచుకోలేదు. అయినా పెద్దక్క పెట్టె పక్కన పెట్టి, మాడిన గలీబు చేతుల్లోకి తీసుకుని, తన భుజం మీద తనే వేసుకోబోయింది. మెడ అప్పటికే వంగిపోయింది.

అవతలి గోడ దగ్గర్నుంచి ఎడంచెయ్యి గబగబా వచ్చింది. ఆ గలీబు ఆవిడ చేతుల్లోంచి లాక్కుంది. ఎడంచేత్తో కత్తెర తీసుకుని అడ్డంగా రెండు ముక్కలు చేసింది. ఒకటి తను ఉంచుకుని, రెండోది పెద్దక్క చేతిలో పెట్టింది.

"పెట్టె తుడుచుకోవడానికి గుడ్డ కావాలన్నావు కదక్కా," అంది. "తల ఎత్తు, మెడ పట్టేస్తుంది."